ప్యాకెట్ నా ముందే విప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటాను. ఆనందపురం వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. హనుమంతవాక, మధురవాడ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి మీద పోనూ రానూ 45 కిలోమీటర్ల దాకా రోజూ మోటారు సైకిల్ మీదే నా ప్రయాణం. స్కూటర్ కాదు, గేర్ల బండి. 2016లో మావారు కొన్న 150 సీసీది. ఆయనది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఊళ్లో ఉండరు. మెట్ల కింద తుప్పు పట్టిపోతున్న బండిని చూడలేక, 40 దాటాక మా తమ్ముడి దగ్గర నేర్చుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉత్తరం బండి గురించి వినికిడి మీద రాస్తున్నది కాదని మీకు తెలియాలి.

మీ జిల్లా పేజీలో హెల్మెట్ గురించి తరచూ రాస్తున్నారు, సంతోషం. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరమని మా బడి పిల్లలకి కూడా ఇవాళ తెలుసు. బండిని ఆపే బ్రేకు ప్యాడ్ గురించి మాత్రం ఎక్కడా ఒక ముక్క కనపడదు. చేతి వెడల్పయినా ఉండని రెండు చిన్న బిళ్లలు అవి. ముందు చక్రంతో పాటు తిరిగే పళ్లెం లాంటి డిస్క్‌ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటాయి. వాటిని కొనేటప్పుడు మనం చెప్పేది ఒక్కటే: బండి పేరు. కొట్టువాడు ఇచ్చేది ఒక్కటే: ఆ బండికి పట్టే ఆకారం. అది దేనితో చేశారో, ఎవరు చేశారో అడిగేవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో బ్రేకు వేస్తే కీచుమని చప్పుడు మొదలైంది. బడి నుంచి వస్తూ దారిలో కనపడిన ఒక దుకాణం దగ్గర ఆపాను. పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. అలాంటివి మన ఊళ్లో వందల్లో ఉంటాయి. లోపల ఒక డబ్బాలో రకరకాల ప్యాడ్లు విడివిడిగా పోసి ఉన్నాయి. అతను చేయి పెట్టి రెండు తీశాడు, కవరూ లేదు, కాగితమూ లేదు. "కంపెనీవేనా?" అని అడిగాను. "అన్నీ ఒకటే మేడం. లోపల మెటీరియల్ ఒకటే, కవర్‌కే డబ్బులు తీసుకుంటారు. డౌటుంటే సార్‌ని పంపండి, మాట్లాడతాను" అన్నాడు. సార్ ఆ రోజు ఏ సముద్రంలో ఉన్నారో నాకే తెలియదు. బడిలో ఎండకి అలిసి ఉన్నాను, వాదన పెట్టుకోలేదు. ప్యాడ్లకి 130 రూపాయలు, బిగించినందుకు 50. బిల్లు లేదు. చప్పుడు పోయింది, నేనూ మరిచిపోయాను.

మూడు వారాల తరవాత ఒక శనివారం మా ఆడపడుచుని వెనక కూర్చోపెట్టుకుని సింహాచలం వెళ్లాను. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది. అప్పన్న దర్శనం చేసుకుని, ప్రసాదం సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని, మధ్యాహ్నం ఎండలో ఘాట్ రోడ్డు దిగుతున్నాం. ముందు ఒక బస్సు, దాని వెనక కార్లు. బ్రేకు లివర్ మీద రెండు వేళ్లు తీయకుండానే వస్తున్నాను. సగం దిగాక కాలిన వాసన వచ్చింది. మలుపు ముందు బ్రేకు నొక్కితే లివర్ గట్టిగానే ఉంది గాని బండి ఆగడం లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. అదే వేగం. ఆ రెండు మూడు సెకన్లు నాకు ఇప్పటికీ కలలోకి వస్తున్నాయి. వెనక కూర్చున్న ఆవిడకి ఏమీ తెలియదు, ఏదో మొక్కు గురించి చెప్పుకుపోతోంది. గేరు మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దింపేశాను. ఇంజిన్ ఏడ్చింది. వెనక బ్రేకు కూడా తొక్కి, కొండ వైపు మట్టిలోకి తిప్పి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. అరగంట అక్కడి గోడ నీడన కూర్చున్నాం. డిస్క్ మీద నీలం చారలు పడి ఉన్నాయి.

సోమవారం బడికి సెలవు పెట్టి, మా పేటలో 30 ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. విప్పి చూసి ప్యాడ్లు నా అరచేతిలో పెట్టాడు. డిస్క్‌కి రాసుకునే మొహం అద్దంలా మెరుస్తోంది. ఒక మూల గోటితో గీకితే పొడి రాలింది. వెనక రేకు మీద ఒక్క అక్షరం లేదు, అంకె లేదు. "టీచరమ్మా, ఇది ప్యాడ్డు కాదమ్మా, పిడక. ఊళ్లో తిరిగితే సరిపోద్ది. కొండ దిగితే ఇలాగే అవుతాది" అన్నాడు.

అక్కడ నాకు సిగ్గేసింది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఘర్షణ పాఠం ఏటేటా చెప్పేది నేనే. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. మేమిద్దరం, బండి, సంచీ కలిపి 270 కిలోలు అనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి పూర్తిగా ఆగాలంటే బ్రేకులు వేడిగా మార్చాల్సిన గతిశక్తి సుమారు 37 కిలోజౌళ్లు. అదే బండి కొండ మీంచి నిలువునా 200 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 529 కిలోజౌళ్లు. అంటే 60 వేగం నుంచి ఆగడం పద్నాలుగు సార్లు, మధ్యలో చల్లారే వ్యవధి లేకుండా. గాలి కొంత తీసుకుంటుంది, గేరులో ఉంటే ఇంజిన్ చాలా తీసుకుంటుంది. నాలాగా మూడో గేరులో వేళ్లు లివర్ మీదే ఉంచి దిగితే మాత్రం మిగిలిందంతా ఆ రెండు బిళ్లలే మింగాలి. ప్యాడ్‌లో పొడులన్నిటినీ అతికించి పట్టుకునేది రెసిన్ అనే జిగురు. అది ఓర్చుకోగల వేడి దాటితే వాయువులు వదులుతుంది, డిస్క్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఆ వాయువు పొరలా నిలబడుతుంది, పట్టు జారిపోతుంది. లివర్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే అర్థం ఇదీ. లివర్ స్పాంజిలా మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తే అది వేరే జబ్బు, బ్రేకు ఆయిల్ మరిగిందన్న మాట. రెండూ కొండ దిగేటప్పుడే బయటపడతాయి.

మన ఊరు ఎలాంటి ఊరో ఒకసారి చూడండి. సింహాచలం, కైలాసగిరి, యారాడ కొండ రోడ్డు, సెలవొస్తే అనంతగిరి ఘాట్ మీదుగా అరకు. ఇటు చూస్తే సముద్రం. బీచ్ రోడ్డు ఇసక డిస్క్ మీద గీతలు పెడుతుంది. ఉప్పు గాలికి క్యాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీదికి నొక్కే భాగం) లోపలి పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అప్పుడు రెండు ప్యాడ్లలో ఒకటే పని చేస్తుంది, రెండోది ఊరికే నిలబడుతుంది. నా పాత ప్యాడ్లు చూద్దామంటే అవి ఆ మొదటి దుకాణంలోనే పోయాయి. కానీ మేస్త్రి పిన్ను లాగి చూపించాడు, సుత్తితో కొడితే గాని రాలేదు. కొత్త ప్యాడ్లు వేసిన ప్రతిసారీ ఆ పిన్నులు తీసి తుడిచి, రబ్బరుని పాడుచెయ్యని సిలికాన్ గ్రీజు పుయ్యాలట. మామూలు గ్రీజు పూస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. 50 రూపాయలకి బిగించినవాడు పిన్ను తియ్యనే లేదు. ఇంతకీ నా పాత ప్యాడ్లు అరిగి కూశాయో, ఒక పక్కే అరిగి కూశాయో ఎప్పటికీ తెలియదు. పాతవి అడిగి తీసుకుని ఉంటే తెలిసేది.

ఇక ఏవి కొనాలన్నది. రెసిన్ ఎక్కువగా ఉండేవాటిని ఆర్గానిక్ అంటారు. మెత్తగా పట్టుకుంటాయి, చప్పుడు తక్కువ, డిస్క్‌ని తినవు, చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పని చేస్తాయి. తొందరగా అరుగుతాయి, వేడికి ఓర్పు తక్కువ. లోహపు పొడి కొంత కలిపినవి సెమీ మెటాలిక్. రాగి లాంటి లోహాల పొడుల్ని వేడిమీద, ఒత్తిడి మీద ముద్దగా కట్టినవి సింటర్డ్. వేడిలోనూ వానలోనూ పట్టు వదలవు, ఎక్కువ కాలం వస్తాయి, ధర మూడు నాలుగింతలు. అయితే ఖరీదైనదే మంచిదని ఎగబడకూడదని మా అక్క కొడుకుని చూసి తెలుసుకున్నాను. వాడు 125 సీసీ బండికి ఎక్కడినుంచో సింటర్డ్ ప్యాడ్లు తెప్పించి వేయించాడు. ఆ డిస్క్ వాటి కోసం చేసింది కాదు. ఏడాది తిరక్కుండానే డిస్క్ మీద వేలికి తగిలేంత గాడి పడింది. డిస్క్ మీదే కనిష్ఠ మందం ఇంత అని అంకె చెక్కి ఉంటుంది, నా బండికి 3.5 మిల్లీమీటర్లు. అంతకన్నా పలచబడితే మార్చాల్సిందే. ఒక డిస్క్ ధరకి ఎన్ని జతల ప్యాడ్లు వస్తాయో లెక్క వేసుకోవచ్చు. పైగా 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉండాలన్న నిబంధన 2019 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా అమలైంది. అంతకు ముందు కొన్న నా బండి లాంటివాటికి అది లేదు. అలాంటి ముందు చక్రానికి మరీ కరిచే ప్యాడ్ వేసి, మొదటి వాన పడ్డ రోజున ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది.

నా వరకు నేను చేసింది ఇది. బండితో వచ్చిన పుస్తకం బీరువాలోంచి తీసి, ముందు ప్యాడ్ల పార్టు నంబరు కాగితం మీద రాసుకుని, ఆ నంబరుతో డీలరు కౌంటర్‌కి వెళ్లాను. 380 రూపాయలు. మూసి ఉన్న పెట్టె. దాని మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర. లోపల ప్యాడ్ వెనక రేకు మీద కూడా పేరు, బ్యాచి నంబరు చెక్కి ఉన్నాయి. ఒకే ఆకారం ప్యాడ్ నాలుగైదు కంపెనీల బళ్లకి పడుతుంది, ఎందుకంటే చాలా కంపెనీలు క్యాలిపర్లు అవే తయారీదారుల దగ్గర కొంటాయి. కానీ ఒక్కో బండికి బరువూ వేగమూ బట్టి లోపలి మిశ్రమం వేరుగా ఉండొచ్చు. అందుకే నంబరు ముఖ్యం, ఆకారం కాదు.

కొన్ని ప్యాడ్ల వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి. ఈ సంగతి నాకు మేస్త్రి చెప్పలేదు, తరవాత నేను చదువుకున్నాను. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె), రెండోది బాగా వేడెక్కాక. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే అంతకు పైన. అంటే జీఎఫ్ అని ఉన్న ప్యాడ్ వేడెక్కితే ఒక మెట్టు దిగుతుందని తయారుచేసినవాడే చెబుతున్నాడు. అది ఎన్నాళ్లు వస్తుందో, రేకుకి ఎంత గట్టిగా అతికి ఉందో ఈ అక్షరాలు చెప్పవు. అన్ని మంచి ప్యాడ్ల మీదా ఇవి ఉండకపోవచ్చు కూడా. పేరూ, నంబరూ, అక్షరమూ ఏదీ లేని నున్నటి రేకుని మాత్రం నమ్మకండి.

కొత్తవి వేయించుకున్నాక కూడా మేస్త్రి ఊరికే పంపలేదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు కొట్టొద్దన్నాడు. ప్యాడ్ మొహం డిస్క్ మొహానికి పూర్తిగా ఆనాలి, అప్పటిదాకా మెల్లగా ఆపుకుంటూ పోవాలి. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే బండి మెరవాలని డీజిల్ కొడతారు, చక్రాల వైపు కొట్టనివ్వొద్దని దగ్గరుండి చూసుకోమన్నాడు. నూనె పీల్చిన ప్యాడ్ ఇక బాగుపడదట. బ్రేకు ఆయిల్ కూడా మార్పించాడు. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకుంటే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన గాలిలో తేమకి కొదవా? మా ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. 2016 నుంచి ఎప్పుడైనా మార్చారో లేదో మావారికి ఫోన్ చేస్తే ఆయనకీ గుర్తు లేదు. రెండేళ్లకోసారి మార్చాలి.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. ఆ మొదటి దుకాణంలో నా బండి ప్యాడ్లు విప్పిన కుర్రాడు, మా బడిలో పదో తరగతి చదివి వెళ్లినవాడే. నన్ను చూసి నవ్వి, మూతికి గుడ్డ కూడా లేకుండా, కంప్రెసర్ గాలితో క్యాలిపర్‌లోని నల్ల పొడిని ఊదేశాడు. అదంతా వాడి మొహం మీదికే లేచింది. బ్రేకుల్లో ఆస్బెస్టాస్ వాడకం దశాబ్దాల పాటు ఉండేది. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పేరూ ఊరూ లేని ప్యాడ్‌లో ఏముందో ఎవరు చెప్పగలరు? తడి గుడ్డతో తుడిస్తే పోయే పొడి కోసం 18 ఏళ్ల పిల్లల ఊపిరితిత్తుల్ని ఎందుకు పణం పెట్టాలి? ఆ రోజు నేను వాడికి చెప్పలేదు. తరవాత ఒక సాయంత్రం వెళ్లి చెప్పి వచ్చాను. ఒక మాస్కుల పెట్టె కూడా ఇచ్చాను. వాడుతున్నాడో లేదో మళ్లీ వెళ్లి చూడాలి.

అయ్యా, నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పొట్లం కట్టి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెబుతున్నాయి. బిస్కట్ ప్యాకెట్‌కి వర్తించేది బ్రేకు ప్యాడ్ పెట్టెకీ వర్తించాలి. పెట్టెలోంచి తీసి డబ్బాలో పోసేస్తే ఆ వివరాలన్నీ మాయమవుతాయి. మన తూనికలు కొలతల శాఖ అధికారులు పెట్రోలు బంకుల్లో కొలత చూసినట్టే, గాజువాక నుంచి మధురవాడ దాకా ఉన్న స్పేర్ పార్టుల కొట్లలో ఈ డబ్బాలు కూడా ఒకసారి చూడాలి. మెకానిక్ అన్నలు ప్యాకెట్‌ని కస్టమర్ ముందే విప్పాలి, పాత ప్యాడ్లు చేతికివ్వాలి, బిల్లు మీద పార్టు నంబరు వెయ్యాలి. వాళ్లలో చాలామంది నిజాయితీగానే పని చేస్తారు, మా మేస్త్రి లాంటివాళ్ల వల్లే ఈ ఊళ్లో బళ్లు తిరుగుతున్నాయి. తక్కువలో అవ్వాలని పట్టుబట్టి వాళ్ల చేత డబ్బాలో సరుకు వేయించేది చాలాసార్లు మనమే. 130కీ 380కీ తేడా 250 రూపాయలు, మా ఇద్దరికీ కొండమీద రానూ పోనూ ఆటో కూడా అంతకు రాదు. మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిల్లు ఉంటేనే ఆ ఫిర్యాదుకి బలం, నా దగ్గర లేదు. ఇంకెవరి దగ్గరా లేకుండా పోకూడదు.

ఆడవాళ్లు బండి తీసుకొస్తే "సార్‌ని పంపండి" అనే మాట కూడా మానాలి. లివర్ మీద వేళ్లు నావి.

మీ పత్రిక వాహనాల పేజీలో ఒక్కసారి ప్యాడ్ వెనక వైపు ఫొటో పెద్దగా వెయ్యండి. ఎక్కడ ఏం చూడాలో బాణం గుర్తులతో చూపించండి. అరిగిందో లేదో చూసే గాడి ఎక్కడుంటుందో, ఆ గాడి చెరిగిపోతే ఆ వారమే మార్చుకోవాలని కూడా రాయండి. మేస్త్రి విప్పిన ఆ రెండు ప్యాడ్లూ నా దగ్గర ఒక రేకు డబ్బాలో ఉన్నాయి, ఈ ఏడు ఘర్షణ పాఠానికి తరగతిలోకి తీసుకెళ్తున్నాను. పక్కన పెట్టి చూపించడానికి కొత్త ప్యాడ్ జత కూడా ఒకటి కొన్నాను. ఫొటో తీసుకోవడానికి మీ విలేఖరి ఎవరైనా వస్తే, సాయంత్రం ఐదున్నర తరవాత ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.